అడిగేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుందాం

(తిరుపతిలో స్వచ్ఛంద సంస్థల కార్యదర్శులు, కోశాధికారుల కోసం జరిగిన సదస్సులో ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారిణి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పలమనేరు, పుంగనూరు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. నగరి, సత్యవేడు నుంచి వచ్చినవాళ్లున్నారు. ఆదివారం ఇంటి పనులు వదులుకుని వచ్చారు కాబట్టి, మీకు పనికొచ్చే మాటలే చెప్పాలని రాత్రి కూర్చుని నాలుగు ముక్కలు రాసుకొచ్చాను.

ముందుగా ఈ పుస్తకం చూడండి. నల్ల అట్ట, ఎర్ర గుడ్డ వీపు. మీ అందరి ఆఫీసుల్లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఇది మా సంస్థ మినిట్స్ పుస్తకం. కార్యవర్గం అనుమతి తీసుకునే తెచ్చాను. చంద్రగిరి దగ్గర 42 మంది దివ్యాంగ పిల్లలున్న హాస్టల్ మాది. ఈ పేజీలో ఒక సమావేశం రాసి ఉంది. తేదీ ఉంది, సమయం ఉంది, మూడు తీర్మానాలున్నాయి, కింద ఏడుగురి సంతకాలున్నాయి. ఏడు సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే నీలం ఇంకుతో ఉన్నాయి. ఎందుకంటే ఆ సమావేశం జరగనేలేదు. ఆఫీసు కుర్రాడు ఈ పుస్తకాన్ని మోపెడ్ మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయించాడు. నాలుగో సంతకం నాది. బ్యాంకుకు టైమైపోతోందని గేటు దగ్గరే నిలబడి, గోడ మీద పుస్తకం ఆనించి, చదవకుండా పెట్టాను. 29 ఏళ్లు బ్యాంకులో పనిచేసి, సంతకం విలువ తెలిసి కూడా పెట్టాను. దానికి ఈ రోజుకీ బాధపడుతున్నాను. ఆ బాధతోనే ఇక్కడికొచ్చాను.

ఆ సంస్థను స్థాపించింది ఒక రిటైర్డ్ టీచర్. అందరం ఆయన్ని అయ్యవారు అంటాం. తన ఇంటి ముందు గదిలో ఐదుగురు పిల్లలతో మొదలుపెట్టి, పెన్షన్ డబ్బు పెట్టి, ఊరూరా తిరిగి బియ్యం అడుక్కొచ్చి కట్టిన సంస్థ అది. నిజాయితీలో ఆయనను మించినవాళ్లను నేను చూడలేదు. ఆయన నిజాయితీపరుడు కాబట్టే మేమెవ్వరం ఆయనను ఏమీ అడగలేదు. అయ్యవారు చూసుకుంటారులే అన్నాం. చెక్కుల మీద ఇద్దరు సంతకం పెట్టాలి, ఒకరు కార్యదర్శిగా అయ్యవారు, ఇంకొకరు కోశాధికారిగా ఆయన బావమరిది. ఆ బావమరిది ఉండేది బెంగళూరులో. ఆరు నెలలకోసారి వచ్చినప్పుడు చెక్కుబుక్కు మొత్తం మీద సంతకాలు పెట్టేసి వెళ్లేవారు.

ఒక రోజు పొద్దున పిల్లల ప్రార్థన జరుగుతుండగానే అయ్యవారికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది.

అప్పుడు తెలిసింది మాకు, ఖాతాలో డబ్బుంది, తీసే దారి లేదని. సంతకాలు మార్చమని బ్యాంకుకు వెళ్లాం. కొత్త తీర్మానం తెమ్మన్నారు, ప్రస్తుత కార్యవర్గం జాబితా సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర నుంచి తెమ్మన్నారు. బ్యాంకును నేను తప్పు పట్టను. ఆ కౌంటర్ వెనక నేనున్నా అదే అడిగేదాన్ని. రిజిస్ట్రార్ ఆఫీసులో చూస్తే, మా సంస్థ ఇచ్చిన చివరి జాబితా తొమ్మిదేళ్ల కిందటిది. అందులో ఉన్న ఏడుగురిలో ఇద్దరు చనిపోయారు. ఒకాయన కొడుకు దగ్గరకు అమెరికా వెళ్లిపోయారు. నా పేరైతే అందులో లేనేలేదు. అంటే అన్ని తీర్మానాల మీద సంతకాలు పెట్టిన నేను, ప్రభుత్వం లెక్క ప్రకారం ఆ సంస్థకు ఏమీ కాను.

అది సర్దుకోవడానికి 38 రోజులు పట్టింది. ఆ 38 రోజులూ పిల్లలు అన్నం ఎలా తిన్నారో నాకు తర్వాత తెలిసింది. బియ్యం అంగడాయన అప్పు ఇచ్చాడు. గ్యాస్ సిలిండర్‌కు అప్పు పుట్టదు కదా. మా వంటమ్మ తన చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఖాతా మళ్లీ నడిచిన రోజు, కొంగు ముడి విప్పి ఆ కుదువ చీటీ నా ముందు పెట్టింది. "ఎవురినీ అడగాలనిపించలేదమ్మా, అందురూ పెద్దోళ్లు" అంది. ఏడుగురు సభ్యులున్న కార్యవర్గం చేయాల్సిన పనిని, నెలకు ఏడు వేలు తీసుకునే ఆమె ఒక్కతే చేసింది.

అందుకే ఈ రోజు నేను చెప్పదలుచుకుంది ఒక్కటే. స్థాపకుడు ఎంత మంచివాడైతే, ఆయన పక్కన అడిగేవాళ్లు ఉండటం అంత అవసరం. చెడ్డవాడు నడిపే సంస్థ మీద జనానికి ముందే అనుమానం ఉంటుంది, ఎవరో ఒకరు కనిపెడుతూనే ఉంటారు. మంచివాడి సంస్థలో ఎవ్వరూ కనిపెట్టరు. ఆయన పడిపోతే దాంతోపాటే సంస్థా పడిపోతుంది.

మన రాష్ట్రంలో సొసైటీ రిజిస్టర్ చేయాలంటే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిని మనం ఎలా పోగేస్తామో మీకు తెలుసు. ఇంట్లో ఇద్దరు, పక్కింటాయన, పేరు బాగుంటుందని ఒక డాక్టరు, పని జరుగుతుందని ఒక రిటైర్డ్ అధికారి, విరాళమిచ్చిన ఒక షావుకారు. ఆధార్ జిరాక్సులు తీసుకుంటాం, సంతకాలు పెట్టిస్తాం, శాలువా కప్పుతాం. సర్టిఫికెట్ వచ్చాక ఆ పేర్లు లెటర్‌హెడ్ మీద ఎడమ పక్కన వరుసగా మిగిలిపోతాయి.

కుటుంబసభ్యులు అసలు ఉండకూడదని నేననను. మొదట్లో మనల్ని నమ్మేది ఇంటివాళ్లే. కానీ అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ ఒకే ఇంటి నుంచి ఉంటే అది సంస్థ అనిపించుకోదు, ఉమ్మడి కుటుంబం అవుతుంది. ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ విషయంలో గట్టిగా ఉంటుంది. సంస్థ సొమ్ముతో స్థాపకుడికో, ట్రస్టీకో, వాళ్ల బంధువులకో లాభం చేకూరితే పన్ను మినహాయింపుకే ముప్పు వస్తుంది. మీ సొంత భవనాన్ని సంస్థకు అద్దెకిచ్చారనుకోండి. అద్దె న్యాయమైనదే కావచ్చు. కానీ ఆ అద్దె నిర్ణయించిన రోజు మీరు ఆ గదిలో కూర్చోకూడదు. మీరు బయటికి వెళ్లారని, మిగతావాళ్లు పక్క వీధిలో అద్దెలు విచారించి ఇంత అని నిర్ణయించారని మినిట్స్‌లో రాసి ఉండాలి. ఆ రెండు వాక్యాలు రేపు మిమ్మల్ని కాపాడతాయి.

మరి ఎవరిని పెట్టుకోవాలి? లెక్కలు చదవగలిగినవాళ్లు ఒకరు కావాలి. చట్టం తెలిసినవాళ్లు ఒకరుంటే మంచిది. మీరు చేసే పని లోతుపాతులు తెలిసినవాళ్లు, అంటే హాస్టల్ అయితే స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరో, ఫిజియోథెరపిస్టో కావాలి. వీళ్లందరికంటే ముఖ్యంగా, మీరు ఎవరి కోసం పనిచేస్తున్నారో వాళ్ల తరఫున ఒకరైనా ఉండాలి. దీనికి చాలామంది ఒప్పుకోరని నాకు తెలుసు. చదువుకోనివాళ్లు మీటింగులో ఏం మాట్లాడతారు అంటారు.

మా దగ్గర ఏం జరిగిందో చెప్తాను. కార్యవర్గాన్ని కొత్తగా వేసుకున్నప్పుడు ఒక పిల్లవాడి తల్లిని సభ్యురాలిగా తీసుకున్నాం. పాకాల దగ్గర పల్లె ఆమెది, చింతపండు వ్యాపారం చేస్తుంది. మొదటి రెండు మీటింగుల్లో నోరు విప్పలేదు. మూడో మీటింగులో ఖర్చుల పట్టిక చదువుతున్నాం. చెప్పులు, 84 జతలు అని వచ్చింది. ఆమె చేయెత్తింది. "అమ్మా, ఒక్కో బిడ్డకు రెండు జతలా? మా వాడికి ఒకటే వచ్చిందే" అంది. గది నిశ్శబ్దమైపోయింది. ఆడిటర్ చూసిన లెక్క అది, నేను చూసిన లెక్క అది. బిల్లు ఉంది, ఓచర్ ఉంది, చెక్కు నంబరు ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అందరం లేచి స్టోర్ రూమ్‌కు వెళ్లి చూశాం. 42 జతలు అట్టపెట్టెల్లో అలాగే ఉన్నాయి. సైజులు తేడా వచ్చాయి, వార్డెన్ వాటిని వాపసు పంపాలని పక్కన పెట్టి మరిచిపోయింది. ఎవరూ దొంగిలించలేదు. కానీ ఎనిమిది నెలలుగా పిల్లలు తెగిన చెప్పులతో నడుస్తుంటే, కొత్త చెప్పులు తాళం వెనక ఉన్నాయి. ఆ ప్రశ్న కాగితాల్లోంచి పుట్టదు. కొడుకు కాళ్లు చూసిన తల్లికే పుడుతుంది.

ఆమెకు బస్సు చార్జీలు, ఆ రోజు పోయిన వ్యాపారానికి కొంత సొమ్ము ఇస్తున్నాం. దాన్ని కూడా తీర్మానం చేసే ఇస్తున్నాం. కూలి పోగొట్టుకుని మీటింగుకు రమ్మంటే పేదవాళ్లు ఎలా వస్తారు?

ఇక కార్యవర్గం పని ఎక్కడిదాకా, ఉద్యోగుల పని ఎక్కడ మొదలు అనే దాని మీద గొడవలు జరుగుతుంటాయి. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇది నేను వివరంగా చెప్పనక్కర్లేదు. మన కళ్ల ముందే దేవస్థానం ఉంది. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల నిర్వహణను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. విచారణకర్త హోదాలో మహంతు ఒక్కరి చేతి మీదుగా 1933 దాకా అంతా నడిచింది. 1932లో చట్టం వచ్చాక ఆ స్థానంలో ఒక కమిటీ, రోజువారీ పనికి ఒక కమిషనర్ వచ్చారు. ఇప్పుడు చైర్మన్, బోర్డు ఒకవైపు, కార్యనిర్వహణాధికారి అంటే ఈవో ఒకవైపు. బడ్జెట్ ఎంత, కొత్త సత్రం కట్టాలా వద్దా అనేది బోర్డు తీర్మానిస్తుంది. క్యూలైన్లు నడపడం, పోటు అంటే ఆలయ వంటశాల నడపడం, ఉద్యోగులకు డ్యూటీలు వేయడం ఈవో కింద జరుగుతుంది. మన చిన్న సంస్థకూ అదే గీత కావాలి. కార్యవర్గ సభ్యుడు వంటింట్లోకి వచ్చి సాంబారులో ఉప్పు తక్కువైందని వంటమ్మను కేకలేయకూడదు. చెప్పాలనుకున్నది నడిపే మనిషికి చెప్పాలి. అలాగే నడిపే మనిషి కార్యవర్గానికి తెలియకుండా రెండెకరాల స్థలానికి అడ్వాన్స్ ఇవ్వకూడదు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మన దగ్గర నడిపేదీ, కార్యవర్గంలో కార్యదర్శీ ఒకరే. పొద్దున ఆయనే ఖర్చు పెడతారు, సాయంత్రం ఆయనే ఆ ఖర్చును ఆమోదిస్తారు. ఒక్కసారిగా విడదీయలేకపోతే కనీసం రెండు పనులు చేయండి. చెక్ పవర్ ఇద్దరికి కాకుండా ముగ్గురి పేరున పెట్టి, ఎవరైనా ఇద్దరు సంతకం పెడితే చెల్లేలా బ్యాంకులో రాయించండి. ఆ ముగ్గురిలో ఒకరు సంస్థ ఉన్న ఊళ్లోనే ఉండేవాళ్లు, ఇంటివాళ్లు కానివాళ్లు అయి ఉండాలి. ఖాళీ చెక్కు మీద సంతకం ఎవ్వరూ పెట్టొద్దు. రెండోది, మీటింగులో ఏ విషయమైనా స్థాపకుడు చివర మాట్లాడాలి. ఆయన మొదట మాట్లాడితే అంతటితో చర్చ అయిపోయినట్టే. పెద్దాయన మాట కాదనడం మన ఇళ్లలో అలవాటు లేదు. చివర మాట్లాడితే మిగతా ఆరుగురి మనసులో ఏముందో తెలుస్తుంది. చాలా చిన్న మార్పు ఇది. మా సంస్థలో దీనంత ఫలితం ఇచ్చింది ఇంకొకటి లేదు.

ఎజెండా, లెక్కల కాగితాలు వారం ముందే అందరికీ పంపండి. వాట్సాప్‌లో పంపినా చాలు. సమోసాలతో పాటు కాగితాలు చేతికిస్తే ఎవరూ చదవరు. మినిట్స్‌లో ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాసే అలవాటు మానండి. ఎవరు ఏమడిగారో, ఎవరు వద్దన్నారో రాయండి. వద్దన్నవాళ్ల పేరు రాయడం వాళ్లను వేలెత్తి చూపడం అనుకోవద్దు, అది వాళ్లకిచ్చే గౌరవం.

లెక్కల గురించి నేను గంటసేపు చెప్పగలను, కానీ మీ ఆడిటర్ చెప్పేవి వదిలేసి కార్యవర్గ సభ్యులు తెలుసుకోవాల్సినవే చెప్తాను. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. దాతకు ముందే చెప్పకపోతే తర్వాత మాటపడేది మనమే. ఏటా ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం ఖర్చు పెట్టాలన్న నిబంధన మీకు తెలుసు. దాన్ని తలకిందులుగా చూడండి, 15 శాతం పక్కన పెట్టుకోవడానికి అదే నిబంధన దారి ఇస్తోంది. మార్చి 31కి ఖాతా ఖాళీగా ఉంటేనే సేవ చేసినట్టు అని చాలామంది అనుకుంటారు. మూడు నెలల జీతాలు, మూడు నెలల తిండి ఖర్చు పక్కన లేని హాస్టల్‌ను నడపడం పిల్లలతో ప్రమాదపు ఆట ఆడటమే. మా వంటమ్మ కమ్మలు గుర్తు తెచ్చుకోండి.

విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు ఎవరైనా ఉంటే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. మనలాంటి ఇంకో సంస్థకు ఆ సొమ్ము మళ్లించడం పూర్తిగా నిషేధం. ఇవి తెలియక ఎవరైనా తప్పు చేస్తే, నాకు తెలియదు, అయ్యవారు పెట్టమన్నచోట పెట్టాను అని కార్యవర్గ సభ్యుడు తప్పించుకోలేడు. అందుకే కొత్తవాళ్లను చేర్చుకునేటప్పుడు శాలువా కంటే ముందు బైలాస్, అంటే సంస్థ నియమావళి కాపీ, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టు చేతిలో పెట్టండి. చదివాక కూడా వస్తానంటే అప్పుడు తీసుకోండి.

ఇక వారసత్వం. ఈ మాట ఎత్తితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నేనుండగానే నా తర్వాత ఎవరు అంటారేమిటి అనిపిస్తుంది. మా మహిళా సంఘాల అక్కచెల్లెళ్లను చూడండి. వారం వారం సమావేశం, పొదుపు, అప్పులివ్వడం, సకాలంలో కట్టించుకోవడం, పుస్తకాలు రాయడం, ఈ పంచసూత్రాలతో పాటు సంఘం లీడర్‌ను మార్చుకునే పద్ధతి కూడా వాళ్లకు నేర్పారు. బాగా నడిచే సంఘంలో నిన్న లీడరుగా ఉన్న ఆమె ఈ రోజు వరుసలో చాప మీద కూర్చుని పొదుపు కడుతుంది. ఆమె పరువేమీ పోదు. చదువుకున్న మనకు అదెందుకు కష్టమో నాకు అర్థం కాదు.

బైలాస్‌లో పదవీకాలం రాసుకోండి. మూడేళ్లు, వరుసగా రెండుసార్లకు మించకుండా. అందరూ ఒకేసారి దిగిపోతే పని తెలిసినవాళ్లు మిగలరు కాబట్టి, రాజ్యసభలో రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగినట్టు కొందరు కొందరుగా మారేలా చూసుకోండి. జరిగిన ప్రతి ఎన్నిక తర్వాతా జాబితా రిజిస్ట్రార్‌కు ఇచ్చి, రసీదు ఫైల్లో పెట్టండి. ఈ ఒక్క రసీదు మా దగ్గర ఉండుంటే 38 రోజులు కాస్తా నాలుగైదు రోజులయ్యేవి.

స్థాపకులకు నా మనవి ఒకటుంది. ఏడాదికి ఒక నెల ఊరెళ్లిపోండి. ఫోన్ కూడా తీయకండి. మీరు లేనప్పుడు ఏది ఆగిపోయిందో, తిరిగొచ్చాక కార్యవర్గాన్ని రాసిమ్మనండి. ఆగిపోయిన పనుల జాబితాయే మీరు ఇంకొకరికి నేర్పాల్సిన పాఠాల జాబితా.

నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు, ఆడపిల్లలకు సరైన జీతం ఇవ్వండి. ఈ విషయంలో నాకు పట్టుదల ఉంది. సేవకు జీతమేమిటి అని వాదించేవాళ్లతో నేను చాలాసార్లు గొడవపడ్డాను. యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివిన అమ్మాయికి ఎనిమిది వేలిస్తే ఏడాది ఉంటుంది, తర్వాత బెంగళూరు బస్సెక్కుతుంది. ఆమెను తప్పు పట్టే హక్కు మనకు లేదు. మనం పదేళ్లలో పదిమందికి పని నేర్పి పంపించేస్తాం, పదకొండో ఏడు అయ్యవారు పడిపోతే తాళాలు ఎవరికివ్వాలో తెలియదు. నడిపే మనిషి జీతం ఎంతన్నది కార్యవర్గమే కూర్చుని నిర్ణయించాలి. ఏడాదికోసారి ఆ మనిషి పనితీరు గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. అదే రోజు కార్యవర్గం తన పనితీరు గురించి కూడా అడగమనాలి. ఎన్ని మీటింగులకు వచ్చాం, ఎన్నిసార్లు హాస్టల్‌లో పిల్లలతో కలిసి అన్నం తిన్నాం అని లెక్క చెప్పుకోవాలి.

అయ్యవారు ఎలా ఉన్నారని మీలో కొందరు అడిగారు. కోలుకున్నారు. మాట కొంచెం తడబడుతుంది, కుడిచేయి ఇంకా పూర్తిగా లేవదు. ఇప్పుడు ఆయన కార్యదర్శి కాదు, సభ్యుడు. పోయిన నెల మీటింగులో శ్రీకాళహస్తి వైపు ఇంకో హాస్టల్ పెడదామని ఆయనే ప్రతిపాదించారు. చాలా ఇష్టంగా, వారం రోజులు కూర్చుని కాగితాలు తయారుచేసుకొచ్చారు. అందరం విన్నాం. చింతపండు వ్యాపారం చేసే ఆ తల్లి, ఇక్కడ పిల్లలకు ఇంకా రెండో బాత్రూమ్ లేదని గుర్తుచేసింది. అలా చర్చ గంటన్నర సాగింది. చివరికి ఈ సంవత్సరం వద్దని తీర్మానమైంది, ఐదుగురు వద్దన్నారు, ఇద్దరు కావాలన్నారు.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పుస్తకం తన వైపు లాక్కుని, ఎడమచేత్తో మెల్లగా సంతకం పెట్టారు. ఇదిగో ఈ పేజీ. ముందు వరుసలో ఉన్నవాళ్లు చూసి వెనక్కి ఇవ్వండి. ఏడు సంతకాలు, ఏడు రకాల ఇంకులు.

భోజనాలకు ఇంకా అరగంట ఉంది. మీ మీ సంస్థల్లో ఎదురయ్యే ఇబ్బందులు ఒక్కొక్కరూ చెప్పండి, నాకు తెలిసినంత వరకు మాట్లాడుకుందాం.